మంచం మీద నుంచే ఫ్యాన్, లైటు, తలుపు: తమ్ముడి కోసం ఏది పెట్టించమంటారు?

గెలాక్సీ గ్రానైట్ (చీమకుర్తి) | ఏప్రిల్ 19, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మా తమ్ముడికి 33 ఏళ్లు. నిరుడు కర్నూలు రోడ్డు మీద బండి జారి పడ్డాడు. మెడలో సి6 దగ్గర వెన్నుపాము దెబ్బతింది. మాట, తెలివి, వెటకారం మునుపటిలాగే ఉన్నాయి. భుజాలు కదుల్తాయి, మోచేయి మడుస్తాడు, మణికట్టు పైకి లేపుతాడు. వేళ్లకు మాత్రం పట్టు లేదు. ఛాతీ కింద నుంచి స్పర్శ లేదు. పగలు రెండు మూడు గంటలు వీల్‌చైర్లో కూర్చుంటాడు, మిగతాదంతా మంచమే.

మరదలు రాత్రి ఐదారుసార్లు లేస్తుంది. వాణ్ణి పక్కకు తిప్పడానికి ఎలాగూ లేవాలి. మిగతావి ఫ్యాన్ పెంచు, ఫ్యాన్ తగ్గించు, లైటు ఆర్పు, టీవీ ఆపు. మొన్న పట్టపగలు కుట్టుమిషన్ మీదే తల వాల్చి నిద్రపోయింది. కాలు పెడల్ మీదే ఉంది. అది చూశాక ఇక ఆగలేకపోయాను.

ఒంగోలులో ఒక షాపు వాళ్లను పిలిస్తే ఇల్లు చూసి 85 వేలకు కొటేషన్ ఇచ్చారు. అందులో కర్టెన్ మోటార్లు రెండు. మా కిటికీకి కర్టెన్ ఎక్కడుంది? అమ్మ పాత చీర కట్టింది.

నా దగ్గర 25 వేలు ఉన్నాయి. పాత శ్లాబు ఇల్లు. ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాను, రెండు లైట్లు. అలెక్సానా, గూగులా? తెలుగులో చెబితే వింటాయా? బల్బులు మార్చాలా, స్విచ్చులు మార్చాలా? వాడినవాళ్లు చెప్పండి.


బెంగుళూరు బస్సు (కందుకూరు) | ఏప్రిల్ 19, రాత్రి 11:15

అన్నా, 85 వేలు ఏంది! ఆ కాగితం మడిచి చీర పక్కనే కిటికీకి అంటించు, ఎండన్నా ఆగుతుంది.

భాష సంగతి ముందు. అలెక్సా ఉండే ఎకో అయినా, గూగుల్ నెస్ట్ అయినా స్పీకర్లు మన దగ్గర ఇంగ్లీషు, హిందీ వింటాయి. తెలుగు లేదు. ఫోన్లో ఉండే గూగుల్ అసిస్టెంట్‌కు తెలుగు పెట్టుకోవచ్చు గానీ స్పీకర్ సంగతి వేరు. దీనికి కంగారు పడక్కర్లేదు. మన ఇళ్లలో 'పంకా తిప్పుము' అనేవాళ్లు ఎవరున్నారు? 'ఫ్యాన్ ఆన్', 'లైట్ ఆఫ్' అనే అంటాం. దానికీ అవే కావాలి. రెండిట్లో ఏదైనా ఒకటే. నేను మాత్రం ఎకో డాట్ చెబుతాను, దాంతో కలిసే వస్తువులు మన ఊళ్లలో తేలిగ్గా దొరుకుతున్నాయి.

స్మార్ట్ బల్బుల జోలికి పోవద్దు. గోడ మీద స్విచ్చి ఎవరన్నా ఆపితే బల్బు చచ్చినట్టే, ఎంత అరిచినా పలకదు. కరెంటు దండగ అని మీ అమ్మగారు స్విచ్చి ఆపకుండా ఉంటారా? బోర్డు వెనకాల పెట్టే చిన్న మాడ్యూల్ ఉంటుంది. గోడ స్విచ్చి ఎప్పటిలా పనిచేస్తుంది, గొంతుతోనూ పనిచేస్తుంది.

టీవీ, సెటాప్ బాక్సు, ఏసీలకు రిమోట్లు ఉన్నాయి గనక ఒక ఐఆర్ బ్లాస్టర్ చాలు. అరచేతిలో పట్టేంత డబ్బా. రిమోట్ పంపే సంకేతాన్నే ఇదీ పంపుతుంది. టీవీకి ఎదురుగా పెట్టాలి, బీరువా వెనక పెడితే లాభం లేదు. టీవీ నిజంగా ఆగిందో లేదో మాత్రం దానికి తెలియదు, చెప్పి వదిలేస్తుంది అంతే.

ఇంకోటి, రౌటర్లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఒకే పేరుతో ఉంటే వేరు చెయ్. ఈ ప్లగ్గులు, మాడ్యూళ్లు చాలావరకు 2.4 మీదే కలుస్తాయి. ఈ ముక్క తెలియక నేను ఒక ఆదివారం మొత్తం తగలేశాను.


కావలి కరెంటోడు (కావలి) | ఏప్రిల్ 20, ఉదయం 6:30

సాఫ్ట్‌వేర్ తమ్ముడు చెప్పింది సరే గానీ, ఏదైనా కొనేముందు బోర్డు విప్పి చూడండి సార్. ఆ మాడ్యూల్‌కు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కావాలి. పాత ఇళ్లలో ఒట్టి స్విచ్చులే ఉన్న బోర్డుకు ఫేజు మాత్రమే దించి, న్యూట్రల్‌ను పైనుంచి పైనే లైటుకు కలిపేసేవాళ్లు. మీ బోర్డులో మూడు పిన్నుల సాకెట్ ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే. లేకపోతే పైపులో ఇంకో వైరు లాగాలి. పాత పైపుల్లో వైరు లాగడం అంటే ఒక్కోసారి పూట పని, ఒక్కోసారి గోడ పగలగొట్టే పని. కూలి ముందే మాట్లాడుకోండి.

ఫ్యాన్ స్పీడు కోసం ఫ్యాన్‌కని రాసి ఉన్న మాడ్యూలే తీసుకోవాలి. లైటు వెలుగు తగ్గించే డిమ్మర్ తగిలిస్తే ఫ్యాన్ మూలుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. నా మాట వింటే ఆ బాధ లేకుండా బీఎల్‌డీసీ ఫ్యాన్ కొనెయ్యండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తాగితే ఇది 30, 35తో సరిపెట్టుకుంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. దీనికి గోడ రెగ్యులేటర్ పెట్టకూడదు, తీసెయ్యాలి. రిమోట్ ఐఆర్‌దేనా అని అడిగి కొనండి, లేదంటే స్పీకర్‌కు నేరుగా కలిసే మోడల్ తీసుకోండి.

గీజరు, ఏసీలకు 16 ఆంపియర్ల ప్లగ్గే. 10 ఆంపియర్ల దానికి గీజరు తగిలించిన ఇంట్లో ప్లగ్గు కరిగి గోడ మీద బెల్లం పాకంలా కారడం నా కళ్లతో చూశాను.

అన్నిటికన్నా ముందు ఇంకొకటి. స్పర్శ లేని మనిషి ఉన్న ఇల్లు అది. కాలికి కరెంటు తగిలినా ఆయనకు తెలియదు. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చి, ఉందా? ఎర్తింగ్ ఉందా? మీ 25 వేలలో మొదటి ఖర్చు అదే పెట్టుకోండి.


రొట్టెల పండగ (నెల్లూరు) | ఏప్రిల్ 20, ఉదయం 8:05

మా ఇంట్లో పిల్ల పేరు అలేఖ్య. 'అలేఖ్యా, అన్నానికి రా' అని మా ఆవిడ కేకేస్తే పిల్ల రాదు గానీ డబ్బా నీలం లైటు వెలిగించుకుని సిద్ధంగా ఉంటుంది. చివరకు పిలుపు పేరు 'కంప్యూటర్' అని మార్చాం. ఇప్పుడు మావోడు కంప్యూటర్ క్లాసు ఎగ్గొట్టిన సంగతి మాట్లాడుకున్నప్పుడల్లా అది లేస్తోంది. ఇంట్లో, పక్కింట్లో ఎవరెవరున్నారో పేర్లు చూసుకుని పెట్టుకో అబ్బయా.


చక్రాల కుర్చీ (ఆత్మకూరు) | ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:50

నాది సి5. పదకొండేళ్లయింది. నోట్లో పుల్ల పట్టుకుని ఫోన్ మీద పొడుస్తూ రాస్తున్నాను, కాబట్టి ఎవరూ మధ్యలో వాదించకండి, పళ్లు నొప్పి.

ఫ్యాన్ అన్నారు, ఏసీ అన్నారు, గీజరు కూడా అన్నారు. తమ్ముణ్ణి ఎవరైనా అడిగారా?

రెండు రోజులు ఒక కాగితం పెట్టండి. ఆయన మనిషిని పిలిచినప్పుడల్లా దేనికి పిలిచాడో దాని ఎదురుగా గీత గీయండి. తర్వాత కొనండి. నాకు పెట్టించినప్పుడు మా బావ ఎంతో ప్రేమతో రంగులు మారే లైట్లు పెట్టించాడు. ఊదా రంగు, ఆకుపచ్చ, పెళ్లి పందిరిలా ఉండేది గది. నాకు కావలసింది రాత్రి దోమలొచ్చినప్పుడు దోమల మెషిన్ ఆన్ కావడం. అంత ఖర్చు పెట్టాడు కదా అని నాలుగు నెలలు ఆ మాట చెప్పలేకపోయాను.

స్పీకర్ ఎక్కడ పెట్టాలో కూడా చెబుతా. మాకు ఛాతీ కండరాలు బలహీనం, గొంతు పెద్దగా లేవదు. గది మూల టీవీ స్టాండు మీద పెడితే ఫ్యాన్ మోతలో వినపడదు. తలకు రెండు మూడు అడుగుల్లో, గాలి నేరుగా తగలని చోట పెట్టండి.

ఆ స్పీకర్ నెత్తిన మైకు ఆపే బటన్ ఉంటుంది. నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది. మా అన్న కొడుకు ఆడుకుంటూ అది నొక్కి బడికి పోయాడు. చెవులు మూసుకున్నదానికి చెవులు తెరువు అని ఎలా చెప్పాలి? మధ్యాహ్నం వదిన వచ్చేదాకా ఆ ఎర్ర లైటు చూస్తూ పడుకున్నా. ఇప్పుడు బటన్ మీద టానిక్ సీసా మూత బోర్లించి టేపు వేశాం.


పెన్నా ఒడ్డు (నెల్లూరు) | ఏప్రిల్ 20, సాయంత్రం 7:20

నేను ఫిజియోథెరపిస్టును. రెండు సంగతులు.

వెన్నుపాము అంత పైన దెబ్బతింటే దెబ్బకు కింది భాగంలో చెమట సరిగా పట్టదు. ఒళ్లు తనను తాను చల్లబరచుకోలేదు. రోహిణి కార్తెలో మనకు ఉక్కపోత అయితే ఆయనకు ఒళ్లు జ్వరంలా కాగిపోతుంది. ఫ్యాన్, ఏసీ ఆయన అదుపులో ఉండటాన్ని మందుల లెక్కలో వేసుకోండి.

రెండోది ఇంకా ముఖ్యం. ఛాతీ దగ్గర టి6, ఆ పైన దెబ్బ ఉన్నవాళ్లకు ఒక్కోసారి బీపీ ఉన్నట్టుండి ఎగబాకుతుంది. తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, మెడ మీద చెమటలు. చాలాసార్లు కారణం చిన్నదే: మూత్రపు గొట్టం మడతపడటం, మలబద్ధకం, బిగుతు బట్టలు. వెంటనే లేపి కూర్చోబెట్టి, గొట్టం చూసి, బట్టలు వదులు చెయ్యాలి. తగ్గకపోతే 108. అలెక్సా మీకు 108కి ఫోన్ చెయ్యదు. పైగా ఆ నిమిషంలో ఇంటర్నెట్ లేదంటే కుదరదు.

అందుకని ఏది కొన్నా కొనకపోయినా వైర్‌లెస్ కాలింగ్ బెల్ ఒకటి కొనండి, రెండు వైపులా బ్యాటరీతో నడిచేది. బటన్‌ను మంచం పట్టెకు, మోచేత్తో నొక్కేలా కట్టండి. బెల్లు మీ మరదలుగారి దగ్గర ఉండాలి. వారానికోసారి నొక్కి చూడండి.


మైపాడు అల (నెల్లూరు) | ఏప్రిల్ 20, రాత్రి 9:10

గెలాక్సీ గారూ, మీ తమ్ముడికి మాట బాగుంది కాబట్టి మీ పని సగం తేలిక. మా అమ్మకు పక్షవాతం, కుడివైపు. మాట ముద్దముద్దగా వస్తుంది. నాలాంటివాళ్లు ఎవరైనా చదువుతుంటే పనికొస్తుందని రాస్తున్నా.

'అలెక్సా' అనడానికి అమ్మ నాలుక తిరగలేదు. పిలుపు 'ఎకో' అని మార్చాను, అది అనగలుగుతోంది. ఇక 'లైట్ వెయ్' అంటే స్పీకర్ ఏవేవో సమాధానాలు చెప్పేది. యాప్‌లో మనం అన్నది దానికి ఏమని వినపడిందో చరిత్ర కనిపిస్తుంది. తీసి చూస్తే అమ్మ 'లైట్ వెయ్' అన్నప్పుడల్లా 'లైఫ్ వే' అని ఉంది. సరే, పదిసార్లు అంటే ఎనిమిదిసార్లు అదే వింటోంది కదా అని, రొటీన్ ఒకటి చేసి 'లైఫ్ వే' అంటే లైటు వెలగాలని పెట్టేశాను. అమ్మను దిద్దడం మానేసి దాన్ని దిద్దాను. ఫ్యాన్‌కూ అలాగే.

అలసిపోయిన సాయంత్రాలు మాత్రం ఏదీ కుదరదు. నాలుగోసారి కూడా వినకపోతే అమ్మ ముఖం తిప్పేసుకుంటుంది. అప్పటికని ఎడమ చేతి కింద పెద్ద బటన్ ఒకటి పెట్టాం, నొక్కితే లైటు. గొంతుతో నడిచేవాటికి పక్కన చేతిదో, మోచేతిదో ఇంకో దారి ఉండాల్సిందే.


కావలి కరెంటోడు (కావలి) | ఏప్రిల్ 21, ఉదయం 6:10

బటన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మా వీధికి రెండు రోజులు కరెంటు లేదు. 1912కి ఫోన్ చేస్తే లైన్ దొరికితే గొప్ప. కరెంటు లేకపోతే నెట్ లేదు, నెట్ లేకపోతే మీ డబ్బాలు మూగవే కదా సాఫ్ట్‌వేర్ తమ్ముడూ?


బెంగుళూరు బస్సు (కందుకూరు) | ఏప్రిల్ 21, ఉదయం 9:40

మూగవే, ఒప్పుకుంటా. మనం అన్న మాట కంపెనీ సర్వర్ దాకా వెళ్లి అర్థమై తిరిగొస్తుంది. నెట్ పోతే ఆ దారి తెగినట్టే. దానికీ మందు ఉంది. ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ పెట్టి, జిగ్బీ స్విచ్చులు (నెట్ లేకుండా ఆ కంప్యూటర్‌తో నేరుగా కలిసేవి) వేసుకుని లోకల్‌గా నడపొచ్చు. 2022లో మ్యాటర్ అనే ప్రమాణం కూడా వచ్చింది, వేర్వేరు కంపెనీల వస్తువులు ఇంట్లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి. నేను మా నాన్న ఇంట్లో లోకల్ సర్వరే పెట్టాను.


చక్రాల కుర్చీ (ఆత్మకూరు) | ఏప్రిల్ 21, ఉదయం 11:30

అది చెడిపోతే బాగుచేసేది ఎవరు?


బెంగుళూరు బస్సు (కందుకూరు) | ఏప్రిల్ 21, ఉదయం 11:52

నేనే. పోయిన సంక్రాంతి ముందు ఒక అప్‌డేట్ వేశాను, ఇంట్లో ఒక్క లైటూ వెలగలేదు. రాత్రికి రాత్రి బెంగుళూరు నుంచి బస్సెక్కి వచ్చాను. నా పేరు అలా ఎందుకు పెట్టుకున్నాననుకున్నారు?

సరే, ఇంట్లో దీని పిచ్చి ఉన్నవాడు లేకపోతే లోకల్ సర్వర్ వద్దు. రౌటర్‌కు మినీ యూపీఎస్ పెట్టు అన్నా, రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులని ఉందో ఎంతుందో చూసి దానికి సరిపోయేదే కొను. స్పీకర్‌ను ఇన్వర్టర్ లైను మీద పెట్టు. మాడ్యూల్ సెట్టింగుల్లో కరెంటు వచ్చాక ఏ స్థితిలో ఉండాలని అడుగుతుంది, 'ముందున్న స్థితి' అని పెట్టు. లేకపోతే రాత్రి 2కి కరెంటు రాగానే లైట్లన్నీ భగ్గున వెలిగి ఇల్లంతా లేచి కూర్చుంటుంది.


గెలాక్సీ గ్రానైట్ (చీమకుర్తి) | ఏప్రిల్ 24, రాత్రి 10:05

ఆత్మకూరు అన్న చెప్పినట్టు కాగితం పెట్టాం. క్యాలెండర్ వెనక వైపు. రెండు రోజుల లెక్క ఇది: ఫ్యాన్ 19, మంచినీళ్లు 14, టీవీ 11, ఫోన్ ఎత్తడం 9, లైటు 6, తలుపు 4. ఏసీ ఒక్కటంటే ఒక్కటి. గీజరు సున్న.

మంచినీళ్లు 14 అని చూసి అందరం కాసేపు మాట్లాడలేదు. అలెక్సా నీళ్లు ఇవ్వదు కదా.


పెన్నా ఒడ్డు (నెల్లూరు) | ఏప్రిల్ 24, రాత్రి 10:40

ఇవ్వదు గానీ గొట్టం ఇస్తుంది. సైకిల్ తొక్కేవాళ్లు వాడే పొడుగు గొట్టం, చివర పళ్లతో కొరికితే నీళ్లొచ్చే మూత. లీటరు సీసాకు తగిలించి మంచం తల వైపు కట్టండి, గొట్టం చెంప దగ్గరకు వచ్చేలా. రోజూ కడగాలి. తలవైపు మంచం కాస్త ఎత్తి ఉన్నప్పుడే తాగమనండి, వెల్లకిలా పడుకుని వద్దు.


గెలాక్సీ గ్రానైట్ (చీమకుర్తి) | మే 4, సాయంత్రం 6:30

కట్టించాం. సీసా గొట్టానికి 150 రూపాయలు. ఇంటికి తెచ్చిన వస్తువులన్నిటిలో చవకైంది, మొదటి రోజు నుంచే పనిచేసిందీ అదే.

మిగతావి కూడా పెట్టాం. బోర్డులో సాకెట్ ఉంది, న్యూట్రల్ దొరికింది. ఆర్‌సీసీబీ లేదు, పెట్టించాం, ఎర్త్ గుంట కొత్తగా తీయించాం. బీఎల్‌డీసీ ఫ్యాన్, ఎకో డాట్, ఐఆర్ డబ్బా, నాలుగు స్విచ్చుల మాడ్యూల్, రౌటర్ యూపీఎస్, బెల్లు. అంతా కలిపి 17,630 అయింది. ఏసీ ప్లగ్గు తర్వాత చూస్తాం.

మొదటి రాత్రి వాడు ఫ్యాన్ స్పీడు మారుస్తూనే ఉన్నాడు. మూడు, నాలుగు, రెండు, ఐదు. ఏంట్రా అంటే 'ఏం లేదు, ఊరికే' అన్నాడు. మరదలు రాత్రి మూడుసార్లే లేచింది, మూడూ వాణ్ణి తిప్పడానికే.


గెలాక్సీ గ్రానైట్ (చీమకుర్తి) | మే 11, ఉదయం 7:15

ఒక పొరపాటు జరిగింది. ఇంకెవరూ చెయ్యకూడదని రాస్తున్నా.

ఒక స్మార్ట్ ప్లగ్గు మిగిలితే ఎయిర్ బెడ్ పంపుకు తగిలించాను. పుండ్లు పడకుండా గాలి మార్చే పరుపు ఉంటుంది కదా, దాని పంపు. ఫ్యాన్ తప్ప గదిలో ఉన్న వస్తువులన్నీ యాప్‌లో 'బెడ్‌రూమ్' అనే గుంపులో వేశాను. నిన్న రాత్రి మ్యాచ్ అయ్యాక వాడు హాయిగా 'బెడ్‌రూమ్ ఆఫ్' అన్నాడు. లైటు ఆగింది, టీవీ ఆగింది, పంపు కూడా ఆగింది. ఎప్పుడూ ఉండే గుర్రుమనే చప్పుడు లేదని ఎవరికీ తట్టలేదు. ఈ రోజు బాగా నిద్రపట్టిందే అనుకున్నాం కూడా.

తెల్లవారి తిప్పి చూస్తే పరుపు చప్పబడి ఉంది. నడుం కింద ఎముక దగ్గర చర్మం ఎర్రగా, ఐదు రూపాయల బిళ్లంత.


పెన్నా ఒడ్డు (నెల్లూరు) | మే 11, ఉదయం 7:31

వేలితో నొక్కి వదిలి చూడండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే కొంత నయం. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండుకు అది మొదటి మెట్టు. రెండిట్లో ఏదైనా సరే, ఆ మచ్చ పూర్తిగా పోయేదాకా దాని మీద బరువు పడకూడదు. ఎడమ, కుడి పక్కలకే తిప్పండి. రుద్దొద్దు, నూనె మర్దన అసలే వద్దు. చర్మం లేచినా, నీరు కారినా డాక్టరుకు చూపించండి.

పరుపు ఉన్నా రెండు గంటలకోసారి తిప్పడం ఆపకూడదు. దానికి స్పీకర్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఆ పని అది బాగా చేస్తుంది.


కావలి కరెంటోడు (కావలి) | మే 11, ఉదయం 7:50

ఎయిర్ బెడ్, ఆక్సిజన్ మెషిన్, ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంటే ఫ్రిజ్. వీటికి స్మార్ట్ ప్లగ్గు పెట్టకూడదు సార్. నేరుగా గోడ సాకెట్టు, ఇన్వర్టర్ లైను, స్విచ్చి మీద ఎర్ర టేపు. మా అబ్బాయి చేత ఎర్ర రంగు వేయిస్తా నేనైతే.


గెలాక్సీ గ్రానైట్ (చీమకుర్తి) | మే 14, రాత్రి 9:00

నొక్కితే తెల్లబడింది. రెండు రోజులకు మచ్చ పోయింది. పంపు ఇప్పుడు గోడ సాకెట్లో ఉంది, ఎర్ర టేపుతో. అందరికీ చేతులెత్తి దండం.

ఇక మిగిలింది తలుపు. పగలు అమ్మ పొలానికి, మరదలు బట్టలు ఇవ్వడానికి పోయినప్పుడు వాడొక్కడే ఉంటాడు. బయట గడియ పెట్టిపోతే వాడికి నచ్చదు, తీసిపెట్టి పోతే మాకు భయం.


రొట్టెల పండగ (నెల్లూరు) | మే 14, రాత్రి 9:25

పింఛను వస్తోందా? 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసాలో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు నెలకు 15 వేలు. మామూలు దివ్యాంగ పింఛను అయితే 6 వేలు. సదరం (వైకల్యం) సర్టిఫికెట్‌లో ఏం రాశారో ఒకసారి చదువుకోండి.


గెలాక్సీ గ్రానైట్ (చీమకుర్తి) | మే 14, రాత్రి 9:40

వస్తోంది అన్నా, 15 వేలదే. 1వ తేదీ పొద్దున్నే సచివాలయం అమ్మాయి ఇంటికి తెచ్చిస్తుంది. పోయిన నెల తలుపు తీసేవాళ్లు లేక అరగంట అరుగు మీద కూర్చుంది పాపం.


కావలి కరెంటోడు (కావలి) | మే 15, ఉదయం 6:20

రెండు రకాలు ఉన్నాయి. అయస్కాంతం తాళం కరెంటు పోతే దానంతటదే తెరుచుకుంటుంది. 12 వోల్టుల స్ట్రైక్ తాళం కరెంటు పోతే మూసే ఉంటుంది, కరెంటిస్తేనే గొళ్లెం వదులుతుంది. ఇంటికి రెండోదే నయం, కానీ మామూలు తాళంచెవితో కూడా తెరుచుకునేది చూసుకోండి. ఆ తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇవ్వండి. నిప్పు గిప్పు అంటుకుంటే మనిషి లేచి రాలేడు కదా. తాళానికి కరెంటిచ్చే రిలే (చెబితే నడిచే చిన్న స్విచ్చి) ఐదు సెకన్లు మాత్రమే ఆన్ అయి ఆగిపోయేలా పెట్టాలి, లేకపోతే కాయిల్ కాలిపోతుంది.


బెంగుళూరు బస్సు (కందుకూరు) | మే 15, ఉదయం 10:10

స్మార్ట్ తాళమైతే తెరవమన్నప్పుడు అలెక్సా పిన్ అడుగుతుంది. అది పైకి చెప్పాలి, గుమ్మం అవతలివాడూ వింటాడు. రిలే అయితే దానికి అదొక మామూలు స్విచ్చి, పిన్ అడగదు. కిటికీ దగ్గర నిలబడి ఎవడైనా 'ఓపెన్ డోర్' అని అరిచినా తీసేస్తుంది. అందుకని ఆ స్విచ్చికి డోర్ అని పేరు పెట్టొద్దు. సంబంధం లేని పేరు ఏదన్నా పెట్టు. మ్యాంగో అని పెట్టు, సీజను కూడా అదే.


గెలాక్సీ గ్రానైట్ (చీమకుర్తి) | జూన్ 1, మధ్యాహ్నం 12:15

తాళం, రిలే, కూలి కలిపి 3,900. ఇంకా మూడు వేల పైచిలుకు మిగిలింది. ఈ రోజు జరిగింది నేను రాస్తానంటే వద్దు నేనే చెబుతా అన్నాడు. ఫోన్ వాడి ముఖం ముందు స్టాండులో ఉంది. కింద ఉన్నది వాడిదే.

అన్నలకు అక్కలకు నమస్కారం నోటితో టైపు చేస్తున్నాను చుక్కలు కామాలు పడవు సర్దుకోండి ఈ రోజు పొద్దున సచివాలయం మేడం వచ్చి తలుపు కొట్టింది ఇంట్లో ఎవరూ లేరు నేను అలెక్స ఆ మ్యాంగో ఆన్ అన్నాను మేడం బయటి నుంచి ఏమన్నారు అంది నేను మళ్లీ మ్యాంగో ఆన్ అన్నాను టక్కుమని తలుపు తెరుచుకుంది లోపలికి వచ్చి డబ్బులు లెక్కపెట్టి వేలిముద్ర వేయించుకుని వెళ్లేటప్పుడు మామిడికాయలు కావాలా తమ్ముడూ రేపు తెస్తాను అంది నేను సరే అన్నాను ఆత్మకూరు అన్నకు ఒక మాట మీరు అడిగించిన కాగితంలో ఒకటి రాయలేదు మా అన్న చూస్తాడని చుట్టాలు వచ్చి మంచం చుట్టూ కూర్చుని అయ్యో అయ్యో అంటుంటే లేచి పోలేను కదా ఇప్పుడు లైట్ ఆఫ్ అంటున్నాను నిద్రొస్తోందేమో పాపం అని వాళ్లే లేచి పోతున్నారు


చక్రాల కుర్చీ (ఆత్మకూరు) | జూన్ 1, మధ్యాహ్నం 12:50

తమ్ముడూ, నేను పదకొండేళ్లుగా కళ్లు మూసుకుని నిద్ర నటిస్తున్నా. ఇది బాగుంది, ఈ సాయంత్రం మా అత్త వస్తోంది.


మైపాడు అల (నెల్లూరు) | జూన్ 2, ఉదయం 8:30

ఆ ఐదు సెకన్ల రిలే ఎక్కడ కొన్నారు? అమ్మకు కూడా తలుపు పెట్టిద్దామని. పేరు మాత్రం మ్యాంగో కుదరదు, అమ్మ అంటే దానికి ఏమని వినపడుతుందో ముందు చూడాలి.


గెలాక్సీ గ్రానైట్ (చీమకుర్తి) | జూన్ 2, ఉదయం 9:05

ఎలక్ట్రీషియన్ తెచ్చాడక్కా. డబ్బా పారేయలేదు, అటక మీద ఉంది. సాయంత్రం తీసి ఫోటో పెడతాను.